చెమ్మరాజుగారి మేడ

ఆంజనేయరాజుగారికి లోకంలో ఏ మాటైనా పడుతుంది గాని, తన ఇంటిని మెచ్చుకుంటే మాత్రం పడదు. పిసినారి అంటే నవ్వేస్తారు. పేకాటలో ముక్క దాచారంటే జేబులు తిరగేసి చూపిస్తారు. ఉండి దగ్గర మీ చెరువుల్లో చేపలకు రోగం తగిలిందటగా అని ఎవరైనా కదిపితే, తగిలిందండి, పోయిందండి అని భుజం మీది తువ్వాలు దులిపి మళ్లీ వేసుకుంటారు. అలాంటి మనిషి, గుమ్మంలోకి వచ్చినవాడు తలెత్తి చూసి "మేడ బాగుందండి రాజుగారూ" అన్నాడంటే మాత్రం, వాడు తన పొలం గట్టు జరిపినట్టు చూస్తారు.

"బాగుందా? మీరు కళ్లజోడు మార్చి ఎన్నాళ్లయిందండి?" అని మొదలవుతుంది. అక్కడినుంచి ఆ మనిషి చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పుతారు. ఎవరైనా ఇల్లు చూపించేది గొప్ప చెప్పుకోవడానికి. ఈయన చూపించేది తగ్గించుకోవడానికి. ఇదిగో ఇక్కడ పగులు, అదిగో అక్కడ పెచ్చు, ఈ మెట్టు కదులుతుంది, ఆ కిటికీ మూసుకోదు, వానొస్తే ఈ మూల బాల్చీ పెట్టాలి. బాల్చీ నిజంగానే ఉంటుంది. మే నెలలో కూడా ఉంటుంది. ఆయన భార్య సూర్యావతిగారు దాన్ని తీసుకెళ్లి స్నానాల గదిలో పెడితే, సాయంత్రానికి మళ్లీ హాలు మూలకు వచ్చేస్తుంది.

ఒక ఎండాకాలం జంగారెడ్డిగూడెం నుంచి సూర్యావతిగారి అన్న వెంకటరాజుగారు వచ్చారు. పామాయిల్ తోటల మనిషి. బస్సులో ఉడికి ఉడికి దిగి, హాల్లో కూలబడి, చొక్కా గుండీలు రెండు విప్పుకుని, "ఇల్లు భలే చల్లగా ఉంది బావా" అన్నారు హాయిగా.

"చల్లదనం కాదు బావా, చెమ్మ."

"గాలి కూడా బాగా వస్తోంది."

"తలుపులు సరిగ్గా పడవు."

"వెలుతురు..."

"ఆ ఫ్యాను కింద కూర్చోకు బావా. ఇటు జరుగు. పైన స్లాబు సంగతి నేను చెప్పలేను."

వెంకటరాజుగారు భోజనం చేసినంతసేపూ ఒక కన్ను విస్తట్లో, ఒక కన్ను స్లాబు మీద పెట్టుకుని తిన్నారు. రెండు రోజులు ఉండాలని వచ్చిన మనిషి ఆరు గంటల బస్సుకే వెళ్లిపోయారు. ఆయన వెళ్లిన చోటల్లా ఈ కథ చెప్పడంతో చుట్టాలందరిలోనూ ఆంజనేయరాజుగారికి చెమ్మరాజుగారు అని పేరు స్థిరపడింది. ఆ పేరు ఆయనకు నచ్చింది. ఎవరో సరదాకి శుభలేఖ మీద చెమ్మరాజుగారికి అని రాసి పంపితే, దాన్ని వీధి వైపు కిటికీలో నలుగురికీ కనబడేలా ఆరు నెలలు ఉంచారు.

నిజానికి ఆ మేడలో చెమ్మ లేదు. తొంభై రెండులో కట్టించినప్పుడు భీమవరంలో ఆ చుట్టుపక్కల అలాంటి ఇల్లు మరొకటి లేదు. గదుల్లో పాలరాయి, రాజమండ్రి టేకు డిపోలో స్వయంగా కూర్చుని ఏరుకొచ్చిన కలప, మేడ మీదికి చక్కగా మెలి తిరిగిన మెట్లు. ఇల్లు మూల మీద ఉంటుంది. తూర్పు వైపు పాత పోస్టాఫీసు వీధి, దక్షిణం గోడకు అవతల మెయిన్ రోడ్డు. సూర్యావతిగారికి వాస్తు పట్టింపు జాస్తి. సిద్ధాంతిగారు దక్షిణం మంచిది కాదన్నారని, ఆ వైపు పిల్లి దూరే సందు కూడా లేకుండా పెరటికి పదడుగుల గోడ పెట్టించారు. సింహద్వారం తూర్పున వీధిలోకి. ఆ వీధిలో మిగిలినవి పదకొండు పెంకుటిళ్లు, రెండు మూడు చిన్న డాబాలు. బయటి గోడలకు పిస్తా రంగు సూర్యావతిగారే ఎంచుకున్నారు. గృహప్రవేశం నాడు ఆంజనేయరాజుగారు వచ్చిన ప్రతివాణ్నీ మెట్లెక్కించి దించి, ఏమంటారు, ఏమంటారు అని అడిగి మరీ మెప్పు రాబట్టుకున్నారు. అది చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరూ నమ్మరు.

ఆ మరుసటి ఏడు మునిసిపాలిటీవాళ్లు ఇంటి పన్నులు సవరించారు. ఆ సవరణ అయిన నెల తిరక్కుండా ఆయన మారిపోయారు. నెమళ్లు చెక్కిన టేకు సింహద్వారాన్ని ఊడదీయించి దేవుడి గదికి పెట్టించారు. వీధి గుమ్మానికి మామిడి చెక్కతో ఒక తలుపు కొట్టించారు. దాంతో సూర్యావతిగారు పూజకు వెళ్తుంటే కోటలోకి వెళ్తున్నట్టు, బజారుకు వెళ్తుంటే పశువుల కొట్టంలోంచి వస్తున్నట్టు ఉండేది. ఇక రంగు మాటే లేదు. తొమ్మిది వర్షాకాలాలు వచ్చి ఆ గోడల మీద తమకు తోచిన రంగులు వేసుకుని పోయాయి.

ఇదంతా ఇంటి పన్ను కోసమే అని ఆయన దాచలేదు. అరుగు మీద ఎవరు కూర్చున్నా ఆ పాఠం వినాల్సిందే. పన్ను వేసేది ఇంటికి కాదండి, చూసినవాడి కంటికి అనేవారు. మొదట ఎన్ని గజాలు కట్టావో చూస్తారు. తర్వాత పైన తాటాకా, పెంకా, స్లాబా అని చూస్తారు. ఇల్లు పాతదైతే కొంచెం కరుణిస్తారు. సొంతవాళ్లుంటే ఒక రకం, అద్దెకిస్తే ఒక రకం, వ్యాపారం పెడితే ఇంకో రకం. వీటన్నిటికీ పైన జోను అని ఒకటుంది. వీధిలో రోడ్డు ఎలా ఉంది, మురుగు కాలవ ఉందా, కుళాయి వస్తుందా, దీపం వెలుగుతుందా, ఇళ్లు ఎలాంటివి, అద్దెలు ఎంత అని చూసి వీధి మొత్తానికి ఒక అంతస్తు కడతారు. ఒక్కసారి వీధి పై జోనులోకి ఎక్కిందా, అందులో ఉన్న పూరిపాక కూడా ఎక్కినట్టే. వీధి బాగుపడితే పన్ను పెరుగుతుందండి, పన్ను కట్టకపోతే వీధి బాగుపడదండి, ఈ రెండింటికీ మధ్య మనిషి ఎక్కడ ఇల్లు కట్టుకోవాలో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదండి అని ముగించేవారు.

జనానికి అర్థం కానిది ఒకటే. ఆయన కట్టే పన్ను చెరువుల్లో చేపలకు ఒక పూట వేసే మేత ఖరీదు ఉండదు. ఇంటికి వచ్చినవాళ్లకు పెట్టే భోజనాల్లో అంతకు పదింతలు పోతుంది. అంతమంది తిని వెళ్తే లేని బాధ, ఆ నాలుగు డబ్బులకెందుకు?

సూర్యావతిగారికీ అదే అర్థం కాలేదు. ఆవిడ చెల్లెలు శ్రీసత్య ఇల్లు గ్రానైటుతో మెరిసిపోతుంటే, తన ఇల్లు వానలో మరిచిపోయిన సంచిలా ఉంది. ఆ బాధ ఆవిడ కడుపులో దాచుకునే మనిషి కాదు. పొద్దున్న పాలవాడు వచ్చే వేళ మొదలు, సాయంత్రం కుళాయి దగ్గర ఆడవాళ్లు చేరే వేళ దాకా, వీధి వీధంతా వినేలా ఇంటిని తిట్టేవారు. ఇదీ ఒక కొంపేనా, దీనికంటే మన చెరువు గట్టు మీద కాపలా పాక నయం అనేవారు. ఆంజనేయరాజుగారు అరుగు మీద కూర్చుని, పేపరు అడ్డం పెట్టుకుని, ఔనౌనంటూ వినేవారు. గట్టిగా నిలదీస్తే, వచ్చే సర్వే అయిపోనీ సూర్యావతీ, మర్నాడే రంగు వేయిస్తాను అనేవారు. అందుకని ఆవిడ, రైతులు కాలవకు నీళ్లు వదిలే రోజు కోసం చూసినట్టు, మునిసిపాలిటీ సర్వే కోసం ఎదురుచూసేవారు. భీమవరం మొత్తంలో పన్నుల సర్వే ఎప్పుడని ఆశగా అడిగిన ఇల్లాలు ఆవిడొక్కరే అయుంటారు.

ఆరు నెలలకోసారి పన్ను వసూలుకు బిల్లు కలెక్టరు దొరబాబు వచ్చేవాడు. చిత్రమేమిటంటే, పన్ను గురించి అంత ఏడ్చే మనిషి, గడువు మొదలైన రోజునే మొత్తం చేతిలో పెట్టేసేవారు. పెట్టి, ఇంటిని చూపించి కన్నీళ్లు పెట్టుకున్నంత పని చేసేవారు. ఆ వెంటనే, వేళైంది కదా దొరబాబూ, కాళ్లు కడుక్కో అనేవారు. రాజుల ఇంటికి భోజనం వేళకు వచ్చినవాణ్ని తినకుండా పంపడం ఆయన వంశంలో లేదు. కూలిపోయే కొంప అని ఇంతసేపూ విన్న దొరబాబు, రొయ్యల వేపుడు, పనసపొట్టు కూర, చేపల పులుసు, గడ్డ పెరుగు తిని, చేతి సంచిలో పూతరేకులతో బయటపడేవాడు. ఆ వీధి డ్యూటీ పడ్డాక అతని బెల్టుకు రెండు కొత్త కన్నాలు పడ్డాయి.

ఆ పూతరేకుల గురించి కూడా చెప్పాలి. వీధి చివరి పెంకుటింట్లో బుల్లెమ్మ ఉండేది. ఆత్రేయపురం ఆడపడుచు, ఒంటరి మనిషి. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ అలా లాగిందంటే, ఉల్లిపొర లాంటి రేకు లేచి వచ్చేది. ఒకరోజు ఆంజనేయరాజుగారు వెళ్లి, నీ పొయ్యి పొగ వీధంతా కమ్ముతోంది, నువ్విక్కడ తీయడానికి వీల్లేదు, రేపటినుంచి మా పెరట్లో తియ్యి అని హుకుం వేశారు. పెరట్లో దక్షిణపు గోడ వారన ఆవిడకు రేకుల షెడ్డు వేయించారు. రాజుగారు ఊరికే పూతరేకులు తినడానికి ఎత్తు వేశారని వీధివాళ్లు చెవులు కొరుక్కున్నారు. తన పెరటి గోడ నల్లబడిపోయిందని సూర్యావతిగారికి తిట్టడానికి ఇంకొక అంశం దొరికింది.

వీధి మధ్యలో డాబా కట్టుకున్న లెక్కల మాస్టారు పక్క వాటాకు రెండు వందలు అద్దె పెంచితే, ఆంజనేయరాజుగారు ఆయన అరుగు మీద రెండు గంటలు కదలకుండా కూర్చుని తగ్గింపజేశారు. ఆ రెండు వందలకూ బదులు నెలకు రెండుసార్లు చెరువు చేప పంపుతానన్నారు, పంపేవారు కూడా. చేప ఖరీదు రెండు వందలకు ఎప్పుడో దాటిపోయింది. అందులో రాజుగారికి లాభమేమిటో లెక్కల మాస్టారు ఎన్నిసార్లు వేసినా తేలలేదు.

ఇలా ఉండగా రెండు వేల రెండులో సర్వే రానే వచ్చింది. పాత పోస్టాఫీసు వీధిని ఈసారి మొదటి జోనులోకి ఎక్కిస్తారని పుకారు ముందు వచ్చింది, దాని వెనకాల కొత్త రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ప్రసన్నకుమారిగారు వచ్చారు. ముప్ఫై ఏళ్ల మనిషి. ఎవరింట్లోనూ కాఫీ కూడా పుచ్చుకోదని, టేపు తనే పట్టుకుని కొలుస్తుందని దొరబాబు దిగాలుగా చెప్పాడు.

ఆంజనేయరాజుగారు యుద్ధానికి సిద్ధమయ్యారు. హాల్లో ఒక బాల్చీ నాలుగు బాల్చీలైంది. కిటికీలకు గోనెపట్టాలు వేలాడాయి. చెరువు కాపలావాడి దగ్గరినుంచి రెండు మేకల్ని తెప్పించి పోర్టికోలో కట్టేశారు. ఇవన్నీ ఎందుకండీ అని సూర్యావతిగారు తల పట్టుకుంటే, ఈ ఒక్క రోజూ ఓపిక పట్టు, రేపు నీ పిస్తా రంగు అన్నారు. ఆ మాటతో ఆవిడ మేకలకు తనే స్వయంగా అవిసాకు వేశారు.

ప్రసన్నకుమారిగారు వచ్చేసరికి పన్నెండున్నర అయింది. ఆంజనేయరాజుగారు పగులు, పెచ్చు, మెట్టు, కిటికీ, అన్నీ వరసగా చూపించారు. ఆవిడ ఏమీ అనకుండా బయటి గోడల వెంట, హాల్లో కొలుచుకుంటూ, రాసుకుంటూ తిరిగింది. ఒక మేక ఆవిడ చేతిలోని కాగితం మూల కొరికింది. ఆవిడ ఆ మూల చింపేసి మేకకే ఇచ్చింది. ఆంజనేయరాజుగారికి నమ్మకం కుదిరింది. కొలత అయిపోయి ఆవిడ బయలుదేరబోతుంటే గోడ గడియారం ఒంటిగంట కొట్టింది.

ఇక ఆయన చేతిలో ఏమీ లేదు. "అమ్మా, కాళ్లు కడుక్కోండి. భోజనం చేద్దురుగాని" అన్నారు.

కొలిచిన ఇంట్లో తాను తిననని ఆవిడ మర్యాదగానే చెప్పింది. ఒంటిగంట వేళ ఈ గుమ్మంలో నిలబడ్డవాళ్లు తినకుండా వెళ్లింది లేదండి, పన్ను పెంచుకుంటే పెంచుకోండి, ముందు కూర్చోండి అని ఆయన అడ్డం నిలబడ్డారు. చివరికి ఆవిడ తన సంచిలోని క్యారియరు తీసి, ఇక్కడే కూర్చుని నా అన్నం నేను తింటాను, కావాలంటే కొంచెం పెరుగు వెయ్యండి అని రాజీకొచ్చింది. అయితే భోజనాల గది ఇంటి లోపల ఉంటుంది. లోపలికి వెళ్లాలంటే దేవుడి గది దాటాలి.

ప్రసన్నకుమారిగారు ఆ తలుపు ముందు ఆగిపోయింది. "ఇది దేవుడి గది తలుపాండి?"

తొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్న అడిగే మనిషి కోసం సూర్యావతిగారు కాచుకుని ఉన్నారు. ఆంజనేయరాజుగారు మూడుసార్లు దగ్గేలోపల, ఆ టేకు ఎక్కడిది, ఆ నెమళ్లు ఎవరు చెక్కారు, అది అసలు ఎక్కడుండాలి, పాలరాయి ఎక్కడినుంచి వచ్చింది, బయట ఏ రంగు ఉండేది, అన్నీ చెప్పేశారు. చెప్పాక మొగుడి మొహం చూసి నాలుక కరుచుకున్నారు. అప్పటికే ఇన్‌స్పెక్టరుగారు క్యారియరు పక్కన పెట్టి కాగితం తీసింది.

అదే సమయానికి బుల్లెమ్మ పెరట్లోంచి పళ్లెంలో వేడివేడి పూతరేకులు పట్టుకొచ్చింది. చివరి పెంకుటిల్లు మీదేనా, అక్కడ వ్యాపారం చేస్తున్నారా అని ప్రసన్నకుమారిగారు అడిగింది.

"లేదండి. రాజుగారు అక్కడ తియ్యొద్దన్నారండి" అంది బుల్లెమ్మ అమాయకంగా. "ఇంట్లో పొయ్యెడితే కొట్టు కింద రాసేత్తారంటండి. ఇక్కడైతే ఆయన పేరున రాత్తారంట, పరవాలేదన్నారండి."

సూర్యావతిగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆంజనేయరాజుగారు గోడ మీది క్యాలెండరును మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

ప్రసన్నకుమారిగారు మెల్లగా చెప్పింది. ఉన్నది లేనట్టు తాను రాయలేదు. ఇంత మేడ ఉన్న వీధిని కింది జోనులో ఉంచితే పైవాళ్లు ఒప్పుకోరు. వీధి మొదటి జోనులోకి వెళ్తుంది. పెంకుటిళ్లకు కూడా ఇప్పుడు కట్టేదానికి మూడింతలు అవుతుంది. ఆ మాట విని బుల్లెమ్మ పళ్లెం కింద పెట్టి, అయితే అమ్మేసుకుని మా ఊరెళ్లిపోవాలండి అంది, ఏడవకుండా, రేపు బజారుకెళ్లాలి అన్నట్టు.

ఆంజనేయరాజుగారు ఆ పళ్లెం తీసి బల్ల మీద పెట్టారు. ఈసారి పగులు మాట లేదు, పెచ్చు మాట లేదు, చెమ్మ మాట లేదు. ఉన్న సంగతి చెప్పేశారు. "క్రితంసారీ ఇలాగే అయిందండి. ఎదురింట్లో గంగరాజని టైలరుండేవాడు. నా ఇల్లు చూసే వీధికి పన్ను పెంచారు. కట్టలేక ఇల్లమ్మేసి కోరుకొండ వెళ్లిపోయాడు. వెళ్లేముందు చెప్పి పోదామని వచ్చాడు. నన్నొక్క మాటన్నాడు కాదు. మీ మేడ చాలా బాగుందండి రాజుగారూ అని దణ్ణం పెట్టి వెళ్లాడు."

ఆ రోజు గంగరాజుకు కాఫీ కలిపి ఇచ్చింది తనేనని సూర్యావతిగారికి గుర్తొచ్చింది. మాట మాత్రం వినలేదు, వంటింట్లో ఉన్నారు. ఆవిడకు ఒక్కసారిగా మొగుడి మీద కోపం, జాలి, ఇష్టం అన్నీ కలిసి వచ్చాయి. ఏది ముందు చూపించాలో తెలియక పెరుగు గిన్నె ఇన్‌స్పెక్టరుగారి వైపు జరిపారు.

"దీనికి దారేమీ లేదా అమ్మా?" అని అడిగారు.

ప్రసన్నకుమారిగారు ఆలోచించింది. "ఇంటి గుమ్మం ఎటు ఉంటే ఆ రోడ్డు లెక్కలో రాస్తామండి. మీ గుమ్మం ఈ వీధిలో ఉంది కాబట్టి ఈ గొడవ. మెయిన్ రోడ్డు వైపు ఉంటే మీ ఒక్కరి పన్నే పెరిగేది. వీధి మానాన వీధి ఉండేది."

సూర్యావతిగారు మొగుడి వంక చూశారు. ఆయన చప్పున తల తిప్పేసుకున్నారు. ఆ తిప్పుకోవడంలోనే ఆవిడకు తెలిసిపోయింది, ఈ దారి ఆయనకు తొమ్మిదేళ్లుగా తెలుసునని. మెయిన్ రోడ్డు దక్షిణం. దక్షిణం గుమ్మం మాటెత్తితే తను ప్రాణం తీసుకుంటుందని తెలిసి, అడగలేక, బాల్చీలతో, గోనెపట్టాలతో, మేకలతో నెట్టుకొచ్చారు ఈ మహానుభావుడు.

"దక్షిణమైతే ఏంటండి?" అన్నారు సూర్యావతిగారు. "యముడికి మన గుమ్మం తెలియాలంటే గోడ అడ్డమా? మనవాళ్లను పిలిచి ఆ గోడ కొట్టించండి."

"సిద్ధాంతిగారు..."

"ఆయనకు భోజనం పెడతాను."

ఆంజనేయరాజుగారు ఫోను దగ్గరికి పరుగెత్తడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. పావుగంటలో చెరువుల దగ్గర పనిచేసే కుర్రాళ్లు పన్నెండు మంది గునపాలతో ట్రాక్టరు మీద దిగారు. ప్రసన్నకుమారిగారి పెరుగన్నం సగంలో ఉండగా మొదటి దెబ్బ పడింది. ఆవిడ చెయ్యి కడుక్కునే వేళకు పెరట్లోంచి మెయిన్ రోడ్డు మీద సోడా బండి కనబడింది. సోడా బండివాడికి ఆంజనేయరాజుగారు కనబడ్డారు. ఏం జరుగుతోందో తెలియక ఇద్దరూ దణ్ణాలు పెట్టుకున్నారు. ఆ లోపల మేస్త్రి వచ్చి వీధి వైపు సింహద్వారాన్ని ఇటుకలతో మూసే పని మొదలుపెట్టాడు.

అప్పుడు ప్రసన్నకుమారిగారు కొత్త కాగితం తీసుకుని, మళ్లీ మొదటినుంచి రాద్దామా అంది. ఆంజనేయరాజుగారు తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నారు.

"రాసుకోండమ్మా. ఇలాంటి మేడ ఈ వైపున లేదు. ఈ పాలరాయి మీద అన్నం వడ్డించుకుని తినొచ్చు. ఆ టేకు చూశారా, నా మనవలు ముసలివాళ్లయినా అలాగే ఉంటుంది. ఇక్కడ నిలబడండి, ఇక్కడ. గాలి చూడండి ఎలా వస్తుందో. పైకి రండి, మెట్లు చూద్దురుగాని."

ఆవిడ వద్దంటున్నా రెండుసార్లు మెట్లెక్కించి దించారు. ఏ గదిలో ఏ వేళకు ఎండ పడుతుందో చెప్పారు, ఏ దూలం ఏ బండి మీద వచ్చిందో చెప్పారు. సూర్యావతిగారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. తన ఇంట్లో ఇన్ని మంచి సంగతులున్నాయని ఆవిడకే తెలియదు. తొమ్మిదేళ్లు నోట్లో బిగబట్టుకున్న మెప్పంతా ఆయన ఒక్క మధ్యాహ్నంలో కక్కేశారు.

అంతా విని ప్రసన్నకుమారిగారు, మొదటి జోను, మొదటి తరగతి భవనం, మీ పన్ను ఇప్పటికి అయిదింతలు అవుతుందండి అంది.

"రాయండి."

"పెరట్లో పూతరేకుల షెడ్డు ఇప్పుడు రోడ్డు మీదికొచ్చింది. అది వ్యాపారం కింద వస్తుంది."

"అదీ రాయండి."

"ఎక్కువనిపిస్తే పదిహేను రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు."

"మీరు తగ్గిస్తే చేస్తానమ్మా" అన్నారు ఆంజనేయరాజుగారు.

ప్రసన్నకుమారిగారు ఆ ఇంట్లో నవ్వడం అదే మొదటిసారి. కాగితాలు సర్దుకుని, వీధి గుమ్మం మూసేశారు కాబట్టి ఇటుక ముక్కల మీదుగా, కొత్త దారిన మెయిన్ రోడ్డు మీదికి దిగి వెళ్లింది.

తుది జాబితా వచ్చింది. పాత పోస్టాఫీసు వీధి ఉన్న జోనులోనే ఉంది. చెమ్మరాజుగారి పన్ను నోటీసు అయిదింతలకు కొంచెం పైనే వచ్చింది. ఆయన దాన్ని, కొడుక్కి మెడిసిన్ సీటు వచ్చినట్టు, వీధిలో ఇంటింటికీ తిరిగి చూపించారు. లెక్కల మాస్టారికి ఎట్టకేలకు చేపల లెక్క తేలింది, తేలాక ఆయన చేప తినలేకపోయారు, తిరిగి పంపారు, ఆంజనేయరాజుగారు దానికి ఇంకొక చేప కలిపి మళ్లీ పంపారు. బుల్లెమ్మకు రోడ్డు మీద వెళ్లే బస్సులవాళ్లు, కార్లవాళ్లు ఆగి ఆగి కొనడం మొదలైంది. పండగ రోజుల్లో ఆవిడ షెడ్డు ముందు వరస చూసి, ఇది సినిమా హాలేమో అనుకుని నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. సిద్ధాంతిగారు వచ్చి, భోజనం చేసి, చేతికి పెరుగు వాసన ఉండగానే, ఈ దక్షిణం మామూలు దక్షిణం కాదని తేల్చారు.

గోడలకు రంగు పడింది. నిచ్చెనల మీద మనుషులు పిస్తా రంగు పూస్తుంటే, సూర్యావతిగారు కొత్త గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ, పక్కనే కూర్చున్న ఆంజనేయరాజుగారిని, ఇన్నాళ్లుగా అడగాలనుకుంటున్నది అడిగారు.

"గంగరాజు సంగతి నాకెందుకు చెప్పలేదండి? చెబితే నేను కాదంటానా? తొమ్మిదేళ్లు నాచేత ఊరికే తిట్టించుకున్నారు."

"ఊరికే ఏంటి సూర్యావతీ?" అన్నారు ఆయన. "నీకు చెబితే నువ్వు తిట్టడం మానేస్తావు. నువ్వు మానేస్తే నా మాట ఎవరు నమ్ముతారు? వాకిట్లో నిలబడి ఇదీ ఒక కొంపేనా అని నువ్వు రోజూ అరుస్తుంటే కదా, ఆ దొరబాబు ఇన్నాళ్లూ నిజమే కాబోలు అనుకున్నాడు. బాల్చీలు నావే గాని, అసలు సాక్ష్యం నీదే."

సూర్యావతిగారికి మండిపోయింది. కాఫీ గ్లాసు ఠంగున కింద పెట్టారు. తర్వాత లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఇల్లు చుట్టి వీధిలోకి వెళ్లారు. ఆ సాయంత్రం కుళాయి దగ్గర, బుల్లెమ్మతో సహా నీళ్లు పట్టుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ, ఈ వీధి పన్ను పెరగకుండా ఆపినదాంట్లో సగం తనదేనని, తొమ్మిదేళ్లు గొంతు చించుకున్నది తనేనని, ఆయన చేసిందల్లా అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చోవడమేనని, బిందె నిండేదాకా నిలబెట్టి చెప్పారు.